తోడుంటామన్న గ్రూపు

తెనాలిలో కాన్పయి డిశ్చార్జి అయ్యే రోజున, ఆస్పత్రి కౌంటర్ దగ్గరి అమ్మాయి నా చేతిలో పూలగుత్తి పెట్టి, "ఇంటికెళ్ళినా మేం మీకు తోడుంటామండి" అంది. నా ఫోన్ తీసుకుని తల్లుల వాట్సాప్ గ్రూపులో కలిపింది. ఏ సందేహమొచ్చినా అందులో అడిగితే చాలట. నమ్మాను. బాలింతకు అనుమానాలెక్కువంటారు గానీ, నిజానికి నమ్మకాలే ఎక్కువ.

రేపల్లెలో మా పుట్టింటికి చేరిన కొద్ది రోజులకే బాబు ఒళ్ళు పచ్చబడింది. కళ్ళు కూడా పసుపు తిరిగాయి. పాలకు లేవడం లేదు. అరికాలు గిల్లితే ఓసారి మూలిగి మళ్ళీ నిద్రే. నాకు భయమేసింది. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, "ఇలా ఉండొచ్చాండి? తీసుకుని రమ్మంటారా?" అని అడిగాను. జవాబుగా గులాబీలు వచ్చాయి. దణ్ణాలు, హృదయాలు, "సో క్యూట్"లు. ఎవరో పెద్దావిడ, "పసిబిడ్డ ఫొటో పెట్టకమ్మా, దిష్టి తగులుద్ది" అని మందలించింది. ఆస్పత్రివాళ్ళ నుంచి ఒక బొటనవేలు వచ్చింది. ఆ వేలు ఎవరిదో గానీ, చదవడం వచ్చిన మనిషిది మాత్రం కాదు.

మర్నాడు మా ఆయన బాపట్ల నుంచి నవ్వుకుంటూ వచ్చారు. "మనోడు అప్పుడే ఫేమస్ అయిపోయాడే" అని ఫోన్ చూపించారు. నేను పెట్టిన ఫొటోయే ఆస్పత్రి ప్రకటన అయింది. చుట్టూ బెలూన్లు, కింద "మా సంరక్షణలో మరో చిరునవ్వు" అని అక్షరాలు. నిద్రలో తెరుచుకున్న నోరు వాళ్ళకు చిరునవ్వట. అంతకన్నా ఘోరం, ఏదో ఫిల్టర్ వేసి బిడ్డను పాలలా తెల్లగా చేశారు. వైద్యం సంగతేమో గానీ మేకప్ మాత్రం బాగా వచ్చు. ఆయన దాన్ని ఆఫీసంతా పంచి మరీ వచ్చారు.

మా అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఫొటో చూసింది.

"తెల్లగానే ఉన్నాడు కదే. అంతా నీ అనుమానం. కాస్త ఎండ చూపిద్దాంలే" అంది.

బిడ్డ ఒళ్ళో ఉండగా ఫోన్లో చూసి రంగు తేల్చే తెలివి! పైగా చదువుకున్న ఇల్లు మాది. ఫోన్ లాక్కుని బాబు చెంప పక్కన పెట్టాను. "ఇప్పుడు చూడండి" అన్నాను. ఆయన ఆటో కోసం పరిగెత్తారు.

తెనాలి ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ బాబు ఛాతీ మీద వేలితో నొక్కి చూసి నన్నే కసిరింది.

"ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా? అడగొచ్చు కదా?"

"అడిగానండి. మీ గ్రూపులోనే."

"ఆ గ్రూపు నేను చూడనమ్మా. అది పబ్లిసిటీ వాళ్ళది."

అలా అనడానికి ఆమెకు సిగ్గు కూడా వేయలేదు.

బాబును నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. నేను బయట బల్ల మీద కూర్చుని ఫోన్ తీశాను. చెరుకుపల్లి నుంచి ఎవరో తల్లి, పాప బొడ్డు దగ్గర చీము కారుతోంది, ఏం చేయమంటారని గ్రూపులో అడుగుతోంది. కింద అప్పటికే గులాబీలు మొదలయ్యాయి. "ఇక్కడ డాక్టర్లెవరూ లేరమ్మా. పాపను తీసుకుని వెంటనే బయల్దేరు" అని రాశాను. కాసేపటికి నా మాటనూ తీసేశారు, గ్రూపులోంచి నన్నూ తీసేశారు.

మావాడు కోలుకుని, ఆకలేసి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ చెరుకుపల్లి తల్లి నా మాట చదివిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.