కోన్యాక్ సీసాలో మంచినీళ్ళు

పరాయిదేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో మేం నలుగురు ప్రోగ్రామర్లం పంచుకున్న ఫ్లాట్‌లో ఆయనే పెద్ద. అందరికీ అన్నయ్య. మందు ముట్టడు గానీ, మేం ఖాళీ చేసిన కోన్యాక్ బ్రాందీ సీసా కడిగి, మంచినీళ్ళు నింపి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాడు. గ్లాసులోకి వంచేముందు లేబుల్ మీది నది బొమ్మని బొటనవేలితో ఓసారి తడిమేవాడు.

"కోన్యాక్ అంటే ఫ్రాన్సులో ఓ ఊరురా. ద్రాక్షతోటల్లో సైకిల్ తొక్కొచ్చు, పీపాలుండే సెల్లార్లు చూడొచ్చు, ఈ నదిలో పడవెక్కొచ్చు. లీవు పెట్టి వస్తావా?"

ప్రతి ఆదివారం ఇదే అడిగేవాడు. కంప్యూటర్లని రెండువేల సంవత్సరానికి సిద్ధం చేసే వై టూ కె పనితో మాకు ఊపిరాడని రోజులవి. "చూద్దాం అన్నయ్యా" అనేవాణ్ణి. మనవాళ్ళలో చూద్దామంటే రాననే. అది తెలిసీ అడిగేవాడు.

చివరికి ఒక్కడే వెళ్ళొచ్చాడు. అందరికీ చాక్లెట్లు తెచ్చాడు.

"పడవెక్కావా అన్నయ్యా?" అన్నాను.

"ఇద్దరికి తక్కువైతే పడవ తియ్యరట్రా. సాయంత్రం దాకా ఒడ్డున కూర్చుని వచ్చేపోయే పడవలు చూశా" అన్నాడు, నవ్వుతూనే.

తర్వాతి ఆదివారం మళ్ళీ అడుగుతాడని కాచుకున్నాను. ఈసారి వస్తానందామనుకున్నాను. ఆయన లేబుల్ తడమకుండానే నీళ్ళు వంచుకుని తాగి, సీసా ఫ్రిజ్‌లో పెట్టేశాడు.