నాలుగు టైర్లు టాలీ చేసిన రోజు

నలభై మంది కార్తీక వనభోజనాన్ని ఒంటి చేత్తో నడిరోడ్డు పాలు చేసిన మొద్దావతారాన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే గొంతు సవరించుకోండి.

అప్పట్లో గల్ఫులో, అల్ నహ్దా అనే పేటలో ఉంటూ ఒక కంపెనీలో ఎకౌంట్లు చూసేవాణ్ణి. అంకెకి అంకె సరిపోకపోతే అన్నం సయించని జాతి మాది. ఆ ఏడు వనభోజనాలు రాస్ అల్ ఖైమా కొండల దగ్గర అనుకున్నారు మా తెలుగువాళ్ళు. "వంటలన్నీ మేం తెస్తాం" అని మా ఆవిడ సుశీల మాటిచ్చింది. నేను ఊరుకుంటానా? దర్జాగా మోటార్‌హోమ్ అద్దెకు తెచ్చాను. మంచం, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి. వెనకాల అటు రెండు, ఇటు రెండు జంట టైర్లు. దేన్లో ఎంత గాలి ఉందో డ్రైవరు ముందు చిన్న తెర మీద కనబడుతుంది. నాలాంటివాడికి ఆ తెర చూపించడమే పాపం.

దారంతా ఎండ కుడివైపే కొట్టింది. టైరు వేడెక్కితే గాలి ఒత్తిడి పెరుగుతుందని స్కూలు పిల్లలకీ తెలుసు. నాకు మాత్రం కుడివైపు డెబ్బై ఎనిమిది, ఎడమవైపు డెబ్బై రెండు కనబడేసరికి ఒళ్ళంతా జెర్రులు పాకాయి. రాళ్ళ క్వారీల దగ్గర బండి పక్కకు ఆపేశాను.

"ఏవైందండీ?" అంది సుశీల.

"టైర్లు టాలీ అవ్వట్లేదు."

"అవ్వకపోతేనేం? బండి నడుస్తోందిగా! బంకు వచ్చేదాకా ఆగండి."

"నీకు తెలీదు. నువ్వు పులిహోర సంగతి చూసుకో."

గాలి తగ్గిద్దామని కుడివైపు టైరు పిన్ను నొక్కాను. కాస్త ఎక్కువే పోయింది. దానికి సమానంగా ఎడమవైపు తీశాను. అదింకా ఎక్కువ పోయింది. మళ్ళీ కుడి. లోపలి టైర్లు అందకపోతే బండి కింద బోర్లా పడుకుని మరీ తీశాను. పిల్లుల రొట్టె పంచిన కోతికి కడుపైనా నిండింది, నాకు మసి మిగిలింది. తెర కుయ్యోమని మొత్తుకుంటే దాని నోరూ నొక్కేశాను.

చివరికి నాలుగూ ఒక్క అంకె మీదకొచ్చాయి. విజయగర్వంతో లేచి చూద్దును కదా, బండి వెనకభాగం చతికిలబడింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నేను లెక్కేస్తే ఉన్న గాలి పోయింది. తీయడానికి వేలు చాలు, పెట్టడానికి పంపు కావాలి. పంపు లేదు.

అవతల కొండ దగ్గర మిగతావాళ్ళతో ఎదురుచూస్తున్న మూర్తిగారు ఫోను చేశారు. "ఎక్కడున్నారండీ బాబూ? పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు!"

సుశీల ఫోను లాక్కుంది. రాత్రంతా నిలబడి వండిన మనిషి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "అన్నయ్యగారూ, మీరే ఇటు వచ్చెయ్యండి. మా బండి ఖలాస్."

సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ వచ్చారు, కుండీలో ఉసిరి మొక్కతో సహా. వనం లేని వనభోజనం, లారీ వెళ్ళినప్పుడల్లా విస్తళ్ళలో దుమ్ము. బూరెలు వడ్డిస్తూ సుశీల అందరికీ వినబడేలా అంది:

"ఏవండీ, ఒకరి విస్తట్లో ఎక్కువ పడ్డాయి, ఒకరి విస్తట్లో తక్కువ. సమానం చేస్తానని మీరు లేవకండి. ఉన్నవి కూడా పోతాయి!"

నలభై మందికీ పొలమారింది.

ఆ ఉసిరి మొక్క సాక్షిగా అప్పుడే ప్రతిజ్ఞ చేశాను. వేడి టైరు గాలి ఈ జన్మలో తీయను. వచ్చే జన్మలోనూ ఎకౌంటెంటుగానే పుడితే, పంపు చంకలో పెట్టుకునే పుడతాను.