కొబ్బరి మొదట్లో పాతిన సీసా

నా చిన్నప్పుడు మా ఉద్దానం ఇళ్ళల్లో ఒంట్లోంచి వచ్చినది ఏదైనా మట్టికే చేరాలి. ఊడిన పాలపన్ను, బిడ్డ మాయ, అన్నీ పెరట్లో కొబ్బరి మొదట్లోకే. ఆ పని మా మామ్మది. ఆవిడ మాటకి ఎదురుచెప్పే మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు.

మా మేనత్త కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్ళేది. కడుపులో గడ్డ ఉందంటే టెక్కలిలో ఆపరేషన్ చేయించారు. డాక్టరమ్మ ఆ గడ్డని మందునీళ్ళ సీసాలో వేసి, విశాఖ తీసుకెళ్ళి పరీక్ష చేయించమని నాన్న చేతికిచ్చింది. తెల్లారి రైలుకి వెళ్దామని ఆయన దాన్ని అరుగు మీద పెట్టాడు.

మామ్మ చూసింది. "నా కూతురి ఒంట్లో ముక్క రైలెక్కి ఊళ్ళట్టుకు తిరుగుతాదేటి?" అని గునపం అందుకుంది. అత్త పుట్టినప్పుడు మాయ పాతిన చోటే సీసా కూడా పాతేసింది. చెంబుతో నీళ్ళు పోసింది నేనే. నాన్న కాసేపు గొణిగి, తీసేసిన గడ్డే కదా అని ఊరుకున్నాడు. అందరం అలాగే అనుకున్నాం.

ఏడాది తిరక్కుండా అత్త కడుపు మళ్ళీ ఎత్తుగా వచ్చింది. తోడుగా నేను వెళ్ళాను. డాక్టరమ్మ మొదటి రిపోర్టు అడిగింది. అత్త తల దించుకుని జరిగింది చెప్పింది. ఆవిడ కసురుకోలేదు. ఇలాంటి గడ్డలు అరుదనీ, పైకి మామూలు గడ్డల్లాగే ఉంటాయనీ, కొన్ని ఊరుకుంటే కొన్ని తిరగబెడతాయనీ చెప్పింది. మొదటిదాన్ని పరీక్ష చేసి ఉంటే దీని నడత కొంతైనా ముందే తెలిసేదట. ఇప్పుడది పాకిపోయింది.

ఇంటికొచ్చాక అత్త నా అరచేతిలో పొట్టు తీయని పప్పులు రెండు పెట్టి, ఏది పుచ్చో చెప్పమంది. నేను మచ్చలున్నదాన్ని చూపించాను. రెండూ గోటితో చీల్చింది. మచ్చలది లోపల తెల్లగా ఉంది. నున్నగా, బొద్దుగా ఉన్నదాంట్లో పురుగు.

"పైకి సూసి ఎవులూ సెప్పనేరే. ఇప్పి సూడాల" అంది. పుచ్చుది అవతల పారేసి, "డాక్టరమ్మ అన్న మాట మామ్మకి సెప్పకు. తన సేత్తో పాతింది. తెలిస్తే బతకనేదు" అంది.

చావు ముందున్న మనిషి తల్లి గురించి దిగులుపడటం నాకప్పుడు అర్థం కాలేదు, కోపం వచ్చింది. మళ్ళీ జీడిపూత రాకుండానే అత్త పోయింది. మామ్మ మాత్రం తను పోయేదాకా ఆ కొబ్బరికి నీళ్ళు పోస్తూనే ఉంది, నా కూతురి ముక్క ఒకటైనా నా దగ్గరుంది అనుకుంటూ. నేను నోరు విప్పలేదు.

కిందటేడు నాకూ గడ్డ తీశారు. కుట్లు మానకముందే, కోడలు వద్దంటున్నా, సీసా ఒళ్ళో పెట్టుకుని పలాసలో రైలెక్కాను. పరీక్షలో అరుదైన రకమనే తేలింది. ముందు ముందు ఎలా ఉంటుందో గట్టిగా చెప్పలేం, ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. భయం లేదంటే అబద్ధం. కానీ అది విప్పి చూశాక చెప్పిన "చెప్పలేం". మా అత్తకి ఆ మాటైనా దక్కలేదు.