అత్త మొక్కు, నా ఒక్కపొద్దు

ఎనభైల్లో నేను కేన్సర్ మీద పరిశోధన చేసేవాణ్ణి. ప్రాణవాయువు సరిగా అందని గడ్డలు చికిత్సకు ఎందుకు లొంగవన్నది నా అంశం. కామాటిపురలో, కూలి జనం ఒక్కో గదిలో ఒక్కో కుటుంబంగా ఉండే చాల్‌లో, మా గదికి కిటికీ ఉండేది కాదు. అంశానికి తగిన మనిషే దొరికాడని తోటివాళ్లు నవ్వేవారు.

ఆ గదిలో నన్ను పెంచిన మేనత్తకే గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డ లేచింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. కానీ ఒంట్లో రక్తం బాగా తక్కువ. అది పెరిగితేనే కరెంటు గట్టిగా పనిచేస్తుందని, కడుపునిండా తినమని చెప్పి డాక్టరు మందులిచ్చి పంపాడు. అత్త ఇంటికొచ్చి చేసిన మొదటి పని, నయమయ్యేదాకా సోమ, గురు, శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకోవడం.

నా చదువంతా కుమ్మరించాను. "గడ్డ గూడ మన చాల్ లెక్కనే అత్తా. గ్యాలరీ దిక్కు గదులకు గాలొస్తది, నడిమి గదులకు రాదు. గడ్డ నడిమిట్ల ఉన్న కణాలే కరెంటుకు సావవు. గాలిని మోసుకపోయేది రక్తమే. తినకుంటే రక్తం యాడికెళ్లి వస్తది?"

"నడిమి గదోళ్లు మొండోళ్లని నాకే జెప్తున్నవా అల్లుడా? ముప్పై ఏండ్ల సంది నేనున్నది ఏ గదిల?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "దేవునికిచ్చిన మాట ఎట్ల తప్పాలె?"

దారి చూపింది పక్కగది అవ్వ. "ఇంట్లోళ్లు ఎవలన్న నీ బదులుంటే సెల్తది గదనే."

ఇద్దరూ నా వైపు చూశారు. మూడు పూటలా తిని నాలుగో పూట కోసం ఎదురుచూసే మనిషి వైపు.

"నువ్వు దేవున్ని నమ్మవైతివి," అంది అత్త అనుమానంగా.

"నువ్వు నా గడ్డ ముచ్చట నమ్మితివా? నువ్వు తిను, నేనుంట."

అలా ఆమె రక్తం పట్టాలని కార్జం కూర తినేది, నేను వాసన తినేవాణ్ణి. ప్రయోగశాలలో కణాలకు గాలి బంద్, నాకు కూడు బంద్. ఒక గురువారం గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట సగం వడాపావ్ నమిలాక వారం గుర్తొచ్చింది. నా వడకూ ఆమె గడ్డకూ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా అక్కడితో ఆపేశాను. దానికి బదులుగా మర్నాడు ముద్ద ముట్టకపోతే అత్త నిలదీసింది. చెప్పేశాను.

"మిగిలిన సగం ఏం జేసినవ్?"

"పారేసిన."

"నాకన్న తేకపోతివి! నేను తినేదాన్ని గదరా."

రక్తం పెరిగింది, కరెంటు పెట్టారు. కొన్ని వారాలకు, ఒక సోమవారం, గడ్డ చేతికి తగలడం లేదన్నాడు డాక్టరు. ఆస్పత్రి మెట్ల మీదే అత్త సంచిలోంచి గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె తీసింది. పొద్దున్నే చేసి తెచ్చిందట.

"ఇగ తిను," అంది.

డాక్టరు ఇంకోలా చెప్పి ఉంటే ఆ రొట్టెను ఏం చేసేదో నేను అడగలేదు. అక్కడే కూర్చుని తిన్నాను.