నాలుగో నంబరు మీద నా ప్రోటీన్

ఎనిమిది నెలలు కష్టపడి పెంచిన ప్రోటీన్ స్ఫటికాలను ఒక్క రోజులో ఎలా నాశనం చేశానో చెబుతాను. మీరు నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం మా అక్క ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా కొన్నేళ్లుందనగా, నేను హైదరాబాదులో పరిశోధన చేసేవాణ్ణి. టీబీ క్రిమిలో ఉండే ఒక ప్రోటీన్ ఆకారం కనిపెట్టడం నా పని. ఆకారం తెలిస్తే అది చేసే పని అర్థమవుతుంది, పని అర్థమైతే దాన్ని ఆపే మందు వెతకవచ్చు. అందుకు ఆ ప్రోటీన్‌ను చక్కెర పలుకుల్లాంటి స్ఫటికాలుగా పెంచి, ఢిల్లీలో ఎక్స్‌రే తీయించాలి. స్ఫటికాల డబ్బాతో ఢిల్లీ రైలెక్కబోతుంటే, "దారిలో ఎక్కడా దిగకు" అన్నారు మా ప్రొఫెసర్ గారు. నేను రామగుండంలో దిగాను. గోదావరిఖనిలో అక్క ఉంది మరి! శాస్త్రవేత్త తమ్ముడు ఎలా ఉంటాడో ఆమె చూడొద్దూ?

వెళ్లగానే మహారాజులా ఫ్రిజ్ తెరిచి, పై అరలోని పాలూ దోసెల పిండీ తీసి వంటగట్టు మీద పెట్టేశాను. పెరుగు గిన్నెను ఓ మూలకు నెట్టి నా డబ్బా పెట్టాను.

బొగ్గుబాయిలో పనిచేసే మా మల్లేశ్ బావ తొంగిచూశాడు. "ఏందిది బామ్మర్ది?"

"టీబీ క్రిమిల ఉండే ప్రోటీన్ బావా. దీని ఆకారం దొరికితే మందు జెయ్యొచ్చు."

"ఆకారం దొరికితె మందెట్లయితది?"

"తాళం లోపల ఎట్లున్నదో తెలిస్తెనే గదా, అండ్ల ఇరికే పుల్ల చెక్కేది!"

బావ ముఖం మారింది. వాళ్ల నాయన టీబీతోనే పోయాడు. "పైలంగ చూసుకో" అన్నాడు మెల్లగా.

చూసుకున్నాను! నా స్ఫటికాలకు నాలుగు డిగ్రీల చల్లదనం కావాలి. ఫ్రిజ్ లోపల చల్లదనం మార్చే నాబ్‌కు ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నాయి. అది రెండు మీద ఉంది. నాలుగు మీదికి తిప్పాను.

"గది తిప్పకు తమ్మీ" అంది అక్క.

"నువ్వూకో అక్కా! చల్లదనం గురించి నాకు చెప్తవా?"

అక్క కొంగు దోపుకుని పొయ్యి వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఎంత కోపం ఉందో నాకు మర్నాడు తెలిసింది.

పొద్దున డబ్బా తెరిస్తే స్ఫటికాలు లేవు. మంచు ఉంది. రాయిలా గడ్డకట్టిన ఎనిమిది నెలల నా బతుకు ఉంది.

"ఎవరు ముట్టిన్రు?" ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచాను. "బావా, నీళ్ల సీస కోసం తలుపు తీసి పెట్టినవా? కరెంటు గిట్ల పోయిందా?"

బావ ఇటు తిరిగాడు. "కరెంటు పోతె కరుగుతది గని గడ్డ కడ్తదారా? ఏం సదువయ్యా నీది!"

"అయితే అక్కే ఏదో జేసింది!"

అంతే. అక్క పెరుగు గిన్నె తెచ్చి నా ముఖం ముందు బోర్లించింది. చుక్క రాలలేదు. గరిటెతో కొడితే టంగుమంది.

"గది డిగ్రీలు గాదురా! నంబరు పెరిగితె సలి పెరుగుతది. నాలుగు మీద పెడ్తె పెరుగు బండైతదని చెప్పబోతె నోరు మూయించినవ్. నువ్వు బయట పెట్టిన పాలు విరిగినయ్, పిండి పులిసింది. మీది నుంచి నన్నే దొంగను చేస్తున్నవ్. లే, గా పిండి బకెట్ల పారబొయ్యి!"

పారబోశాను. ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను.

"చల్లదనం ఎంతలో పెట్టావు?"

"నాలుగు, సార్."

"థర్మామీటరుతో చూశావా?"

"నాబ్ మీద అంకె చూశాను సార్. అక్క వద్దంది గానీ..."

అవతల పళ్లు కొరుకుతున్న గొంతు: "రైలెక్కించి మీ అక్కను పంపు. నువ్వు అక్కడే ఉండి వంట చెయ్యి."

స్ఫటికాలు మళ్లీ పెంచడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈసారి రైలు రామగుండంలో ఆగినప్పుడు నేను కాలు కింద పెట్టలేదు. బావే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, కిటికీలోంచి సద్దిమూట అందించి, "ఆకారం దొరికినంకనే రా" అని వెళ్లిపోయాడు.

పాఠకులారా, నా మీద నేనే ఒట్టు వేసి చెబుతున్నాను: ఇకమీదట ఏ ఇంటి ఫ్రిజ్ తలుపు తెరిచినా, ముందు ఆ ఇంటి ఇల్లాలికి చేతులు జోడించి, ఆమె పాఠం పూర్తిగా విని, అర్థమైందని ఒప్పుకున్నాకే లోపల వేలు పెడతాను.