ఫ్లాపీకి పెట్టిన బొట్టు

మా ఇంటికి కొత్త కంప్యూటర్ వచ్చిందండి. నా పరువు మాత్రం పాతదాంతో పాటే వెళ్ళిపోయింది. ఎలాగో చెప్తాను, టీ తాగుతూ వినండి.

మా మలికిపురంలో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు తక్కువే. అందులో మాదొకటని నాకు కాస్త గొప్ప. కొబ్బరికాయలకి నల్లి పురుగు పట్టిన దగ్గర్నించీ, దాని మందుల మీద ఏ పేజీ కనపడినా బుక్‌మార్క్ చేసి దాచేసేవాణ్ణి. అరవై పైనే పోగేసేను. అల్లవరంలో మా ఆవిడ అన్నయ్య, అంటే మా బావగారు, తోటంతా నల్లి పట్టిందని దిగాలు పడిపోతే, "వివరాలన్నీ నా దగ్గరున్నాయండి, ఆదివారం రండి, చూపిస్తాను" అన్నాను. సోమవారం ఆయన తోటలో కాయల దింపు. చెట్టెక్కేవాళ్ళు వచ్చినప్పుడే మందూ కొట్టించాలి. మళ్ళీ రెండు నెలలకి గాని రారు.

శనివారం కొత్తది వచ్చింది. బుక్‌మార్కులన్నీ ఫ్లాపీలోకి ఎక్కించి, పాతదాన్ని షాపువాళ్ళకి మార్పిడికి ఇచ్చేసేను. ఇంతవరకూ తప్పులేదు.

మా ఆవిడ కొత్తదానికి పసుపు రాసి బొట్టు పెడుతోంది. "ఫ్లాపీకీ పెట్టు, అసలు సరుకంతా అందులోనే ఉంది" అన్నాను. పైన పెట్టింది.

"పైన కాదే, సరుకు లోపలుంది."

"ఏవండీ, లోపల పెట్టొచ్చా?"

"ఆయ్, ఎందుకు పెట్టకూడదూ" అని ఫ్లాపీకున్న రేకు మూత పక్కకి జరిపి, లోపలి నల్లబిళ్ళ మీద నేనే తడికుంకం అద్దేను.

దాన్ని కంప్యూటర్లో పెడితే గరగరమంది. తరవాత ఇంగ్లీషులో ఏదో అడిగింది. మన వైపు ఎవరేం అడిగినా కాదనం కదండీ. యెస్ నొక్కేను. కాసేపు తిరిగి, ఫ్లాపీ ఖాళీ అని చూపించింది. అంతా చెరిపెయ్యమంటావా అనే అడిగిందట. షాపాయన ఫోన్లో చెప్పేడు.

"పాతదాంట్లో ఉంటాయి కదండీ?"

"అది ఇందాకే తుడిచేసేమండి. కొత్తదానికి నెట్ కూడా మంగళవారం గాని పెట్టలేం."

ఆదివారం బావగారు నల్లి పట్టిన కాయలు నాలుగు సంచీలో వేసుకుని వచ్చేరు. జరిగింది చెప్పేను. ఆయన ఏమీ అనుకోలేదు. జేబులోంచి కాగితం, పెన్ను తీసేరు.

"పోన్లెండి బావగారూ, మిషన్లో పోయినా మీరున్నారు కదా. ఒక్క మందు పేరు చెప్పండి చాలు, రాసుకుంటాను."

నేను ఫ్యాను కేసి చూసేను.

"అరవై పేజీల్లో ఒక్కటీ గుర్తులేదా అండి?"

"గుర్తుండాలంటే చదవాలి కదండీ. తీరిగ్గా చదువుదామని దాచేను."

ఆయన పెన్నుకి మూత పెట్టేసి వంటింటి వైపు తిరిగేరు.

"అమ్మాయ్, కాఫీ అయినా ఇస్తావా, అది కూడా తీరిగ్గా తాగుదామని దాచేరా మీ ఆయన?"