కొబ్బరినూనె రాసిన కత్తి

మా ముత్తాతగారు పన్నెండు గ్రామాలకు జమీందారు. ఆయన తర్వాత జమీందారైన తాతగారి ఎదుట కలెక్టరు కూడా అనుమతి లేనిదే కూర్చునేవాడు కాదట. అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో మూడో తరగతి చదివేటప్పుడూ నేను ఆ మాట మరవలేదు.

ఇప్పటికీ కొబ్బరినూనె వాసన తగిలితే మా పక్కింటి ఫిలిప్పీన్స్ అంకుల్ గుర్తొస్తారు. ఆ రోజు వాళ్లింట్లో ఆయన తన తాతగారి కత్తికి ఆ నూనె రాసి, చెక్క ఒరలో దూర్చి, బల్ల మీద పెట్టారు. మా ఇంట్లోని ఫొటోలో కత్తి పట్టుకున్న మా తాతగారిలాగే నేను ఒరను పిడికిట బిగించి కత్తి లాగబోయాను.

“స్టాప్! డోంట్ పుల్!” అని ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

“నేను జమీందారు మనవరాలిని, తెలుసా?” అన్నాను కోపంగా.

“ఆ సంగతి కత్తికి తెలియదు, ప్రిన్సెస్!” అని ఒర చూపించారు. రెండు చెక్కలు చేర్చి పేముతో కట్టినది. కత్తి లాగేటప్పుడు పదును ఆ అతుకును చీల్చుకుని రావచ్చు. అందుకే పదును వైపుకు వేళ్లు చుట్టకుండా, వెన్ను వైపు నుంచే పట్టుకోవాలట.

నన్ను తాకనివ్వనిది చిన్నచూపుతో అనుకున్నాను. ఆయన భయమంతా నా వేళ్ల గురించే.

అంకుల్ కేక విని నాన్నగారు మా ఇంట్లోంచి పరుగున వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటీ తడిమి, “థాంక్ గాడ్, అన్నీ ఉన్నాయమ్మా!” అని కుర్చీలో కూలబడి నవ్వారు. “నేనైనా అలాగే పట్టేవాణ్ణి. మన కత్తికి ఇనుప ఒర కదా.”

మా ఆ కత్తిని, ఒరతో సహా, అమెరికా టికెట్టు కోసం నాన్నగారే ఎప్పుడో అమ్మేశారు.